ముఐథర్ దొర

"దొర పోయిండు సార్."

దోహా పక్కన లుసైల్‌లో మా ప్రాజెక్ట్ ఆఫీసులో మీటింగు నడుస్తుండగా మా క్రికెట్ జట్టు గంగారాం పంపిన మెసేజ్ అది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. చదవగానే మా తాతగారు గుర్తొచ్చారు. ఆయన పోయిన పొద్దున మా ఊళ్ళో ఒకరికొకరు చెప్పుకున్న మాట అక్షరం తేడా లేకుండా ఇదే. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరు పోయినా ఊరు ఆ మాట అనలేదు. 'గడీల ముసలాయన పోయిండట' అన్నారు, అంతే. మా వంశంలో పోవడానికి ఇంక దొరలెవరున్నారు, నన్ను మినహాయిస్తే?

ఆ వెనకే ఒక ఫొటో వచ్చింది. ఇంగ్లండులో ఏదో మైదానం, తెల్లబట్టల్లో ఒక పొడుగాటి యువకుడు. కుడిచేతిలో టోపీ ఉంది. ఎడమచెయ్యి ప్యాంటు జేబులో ఉంది. ఆ చేతిని చూసి మనిషిని గుర్తుపట్టాను. మొహం తర్వాత చూశాను.

మీటింగులో ఎవరో కొలతల గురించి ఏదో అడిగారు. "రేపు చెప్తాను" అన్నాను. రేపు శుక్రవారం, సెలవు కదా అని అందరూ నవ్వారు.

ఆ చెయ్యి సంగతి ముందు చెప్పాలి. ఆయన ఇంగ్లండులో ఒక కౌంటీ జట్టుకి చాలా ఏళ్ళు ఎడమచేతి స్పిన్ వేసిన మనిషి. అక్కడ ఆటలు మొదలయ్యే నాటికి ఇంకా చలి పోదట. స్పిన్నర్‌కి పిలుపు వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది, ఒక్కోరోజు అసలు రాదు. పిలుపు వచ్చినప్పుడు వేళ్ళు కొయ్యబారి ఉండకూడదని పొద్దున్నుంచీ ఎడమచెయ్యి జేబులో దాచుకుని, జేబులోనే ఒక పాత బంతిని తిప్పుతూ నిలబడేవాడు. ఆట మానేశాక కూడా ఆ అలవాటు పోలేదు. జూన్‌లో, దోహాలో, కారు తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలే ఎండలో కూడా ఆయన ఎడమచెయ్యి జేబులోనే ఉండేది. ఆ చేత్తో తలుపు తియ్యడు, సంచి పట్టుకోడు. ఎవరికీ ఇవ్వడు.

ముఐథర్‌లో మా వీధి చివర బకాలా, అంటే కిరాణా కొట్టు, నడిపే మలయాళీ ఒకతను ఈయన చెయ్యి పడిపోయిందనుకున్నాడు. సామాను కట్టి, తనే బయటికి వచ్చి, కుడి మోచేతికి తగిలించేవాడు. ఒకసారి కేరళ నుంచి తెప్పించిన నూనె సీసా కూడా ఇచ్చాడు. నేను నిజం చెప్పబోతే ఆయన ఆపాడు.

"చెప్పకు స్కిప్పర్. నా చెయ్యి బాగుపడాలని ఈ ఊళ్ళో కోరుకునే మనిషి ఆయనొక్కడే."

ఆ నూనె రాసుకునేవాడు కూడా. చూపుడువేలు మొదటి కణుపు దగ్గర కాయ కాసి, వేలు కాస్త పక్కకి వంగి ఉండేది. రాసుకుని, వాసన చూసుకుని, "ఇది కౌంటీలో ఉన్నప్పుడు దొరికుంటే" అనేవాడు.

మా పక్క విల్లా వాటాలో ఉండేవాడు. ఒక స్కూలు పిల్లలకి ఆట నేర్పడానికి వచ్చి, స్కూలు ఇచ్చిన ఇంట్లో ఒంటరిగా ఉన్నాడు. భార్య పోయింది, కూతురు ఇంగ్లండులో. ఇంతకంటే ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మనుషుల ఇంటి సంగతులు తవ్వడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు చెయ్యలేదు.

ఒక శుక్రవారం పొద్దున నేను కారులో బ్యాట్లు సర్దుతుంటే వచ్చి నిలబడ్డాడు. "మీకు అంపైర్ ఉన్నాడా?" అన్నాడు. మాకు అంపైర్ ఎన్నడూ లేడు. బ్యాటింగ్ జట్టులో అవుటైనవాళ్ళు నిలబడి, తమవాళ్ళని ఎప్పుడూ నాటౌట్ అనేవారు. అలా వచ్చాడు. కొన్ని వారాలు అంపైర్‌గానే నిలబడ్డాడు, చెయ్యి జేబులో పెట్టుకుని. ఒకరోజు మావాళ్ళలో ఒకడికి సైట్‌లో డ్యూటీ పడి మనిషి తక్కువయ్యాడు. అప్పుడు ఆయన జేబులోంచి చెయ్యి బయటికి తీశాడు.

మా మైదానమంటే గట్టిపడ్డ ఇసుకనేల. మధ్యలో సిమెంటు పట్టీ, దానిమీద పచ్చ చాప. చాప మీద చూడ్డానికేమీ ఉండదు, ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఆయన మాత్రం ప్రతివారం మోకాలి మీద కూర్చుని, బొటనవేలితో నొక్కి, అరచేత్తో తట్టేవాడు.

"దాన్ని ఏం చూస్తారు? కార్పెట్టే కదా" అన్నాను.

"చూడటం లేదు. పలకరిస్తున్నాను."

పిడికెడు ఇసుక తీసి గాలిలో వదిలి, అది ఎటు పోతుందో చూసుకునేవాడు. ఉత్తరం నుంచి షమాల్ గాలి వీచే రోజున ఆయన మొహం వెలిగిపోయేది. మేమంతా కళ్ళలో దుమ్ముపడి తిట్టుకుంటుంటే, "మా ఊరి గాలికి చలి తప్ప ఇంకేం లేదు. మీ గాలికి బుద్ధి ఉంది" అనేవాడు. మీ గాలి అన్నది మమ్మల్నే. ఖతార్ మాది కాదని చాలాసార్లు చెప్పి ఊరుకున్నాను.

మా జట్టులో ఎక్కువమంది జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చి సైట్లలో పనిచేసేవాళ్ళు. కంపెనీ బస్సులో క్యాంప్ నుంచి వచ్చేవారు. వికెట్ల వెనక గంగారాం. స్కాఫోల్డింగ్ కడతాడు, ఎంత ఎత్తునైనా కోతిలా పాకుతాడు, నోరు మాత్రం ఒక్క నిమిషం ఆగదు. తెల్లవాడు బంతి వేస్తుంటే వెనక నుంచి అరవడానికి అతనికి ఒక పిలుపు కావాలి. పేరు నోరు తిరగలేదు. మొదటి ఓవర్లోనే అందుకున్నాడు:

"ఎయ్ దొరా! గట్లనే ఎయ్! అబ్బ, ఏం ఏసినవ్ దొరా!"

స్లిప్‌లో ఉన్నది నేను. ఆ మాట వినగానే మెడ దానంతటదే తిరిగింది. మా తాతగారి పేరు చెప్పడానికి కూడా భయపడిన ఊళ్ళున్నాయి. గంగారాంది వాటిలో ఒకటి, మా ఊరికి వాగు అవతలి ఒడ్డు. మా జట్టులో చేరిన కొత్తలోనే నా ఇంటిపేరు విని, నన్ను కిందనుంచి మీదికి ఒకసారి చూసి, "గా గడీ మీదేనా సార్?" అన్నాడు. అవునన్నాను. "మా తాత గా గడీ ముందలికెల్లి పొయ్యేటప్పుడు చెప్పులు చేతుల వట్టుకొని పొయ్యేటోడట" అని నవ్వాడు. నేను నవ్వలేదు. అప్పటినుంచీ నేను 'సార్'. పొరపాటున కూడా ఇంకో పిలుపు లేదు.

ఆ రోజు ఆట అయ్యాక అడిగాను. "ఆయనను దొర అనుడేంది గంగారాం?"

"తెల్లోడు గదా సార్."

"మీ ఇంట్ల గా మాట అంటరా?"

"అమ్మో, మా అవ్వ సంపుతది. గా మాట ఇంట్ల ఎత్తద్దంటది." గ్లవ్స్ విప్పుతూ తాపీగా అన్నాడు. "గీయనకంటే ఏమైతది సార్? గీయన ఏమన్న మా భూమి గుంజుకున్నడా, ఎట్టికి పిలిచిండా? ఉత్త మాట."

ఆ ఉత్త మాటని ఆయన ఏమనుకున్నాడో కొన్ని వారాల తర్వాత తెలిసింది. ఆయన బంతికి బ్యాట్స్‌మన్ ముందుకొచ్చాడు, బంతి తిరిగి బ్యాట్ తప్పింది, గంగారాం రెప్పపాటులో బెయిల్స్ ఎగరగొట్టాడు. ఆయన పిచ్ పొడుగునా పరుగెత్తుకొచ్చి, కుడిచేత్తో గంగారాం వీపు చరిచి, చివరి మాట ఒక్కటి తెలుగులో, మిగతాది ఇంగ్లీషులో, గొంతెత్తి అరిచాడు:

"ఏం పట్టావు దొరా!"

అందరి తలలూ గంగారాం వైపు తిరిగాయి. తర్వాత మైదానమంతా నవ్వుతో పగిలింది. కవర్స్‌లో ఫీల్డింగ్ చేస్తున్నవాడు నేలమీద కూర్చుండిపోయాడు. గంగారాం మాత్రం నవ్వలేదు. చెవులదాకా ఎర్రబడి, గ్లవ్స్ వంక చూసుకుంటూ నిలబడ్డాడు. ఆయన లెక్కలో దొర అంటే మంచి ఆట ఆడినవాడు, తోటివాడు, భాయ్ లాంటిది. మంచి బంతి వేస్తే తనని అలా పిలుస్తున్నారు, కాబట్టి మంచి స్టంపింగ్ చేసినవాణ్ణి తనూ అలా పిలవాలి. ఆ రోజునుంచీ క్యాచ్ పట్టినవాడల్లా దొరే. ఫోర్ ఆపినవాడు దొర. నీళ్ళ డబ్బా మోసుకొచ్చినవాడు కూడా దొర. క్యాంప్‌లో గంగారాంకి 'గంగారాం దొర' స్థిరపడిపోయింది.

అర్థం చెప్పాలని నాకు లేకపోలేదు. కారు దగ్గర గంగారాం అడ్డుపడ్డాడు.

"చెప్పకుండ్రి సార్. తెలిస్తే మల్ల అనడు."

"అనకపోతే నీకేంది?"

"ఏమో సార్, మంచిగున్నది" అన్నాడు, నా వైపు చూడకుండా.

చెప్పలేదు. ఆ మైదానంలో ఆ పిలుపు రానివాణ్ణి నేనొక్కణ్ణే. ఆయన నన్ను స్కిప్పర్ అనేవాడు, మిగతావాళ్ళు సార్ అనేవారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన నా కారులోనే వచ్చేవాడు. ఏసీ వద్దని అద్దం దించేవాడు. దారిలో కరక్ చాయ్ కొనుక్కుని, కుడిచేత్తో పట్టుకుని, కొత్తగా లేస్తున్న భవంతులని చూస్తూ మాట్లాడేవాడు. ఆయన మాటలు ఎక్కువగా బౌలింగ్ గురించే. "ఫాస్ట్ బౌలర్‌కి బంతి ఇస్తారు స్కిప్పర్. స్పిన్నర్‌కి అరువిస్తారు" అనేవాడు. ఒక సిక్స్ పడితే చాలు, కెప్టెన్ చెయ్యి చాపుతాడు, తిరిగిచ్చెయ్యమని. దేశం జట్టు దాకా ఒకసారి వెళ్ళాడట, పన్నెండో మనిషిగా. "నాకంటే గొప్పవాళ్ళకి నీళ్ళు మోశాను. ఒక్క చుక్క ఒలకలేదు."

ఒకరోజు అడిగాడు. "మీవాళ్ళు ఏం చేసేవారు?"

"భూములుండేవి."

"ఇప్పుడు?"

"ఇప్పుడు వేరేవాళ్ళ భవనాలు కొలుస్తాను."

"నేను క్రికెటర్‌ని. ఇప్పుడు పిల్లలకి బంతి నెత్తిమీద పడకుండా తప్పుకోవడం నేర్పుతాను." ఇద్దరం నవ్వుకున్నాం. నేను అలా నవ్వి చాలా కాలమైందని కారు దిగాక తెలిసింది.

ఆయన కెరీర్ ఎలా ముగిసిందో కూడా ఆ కారులోనే విన్నాను, ఒకే ఒక్కసారి. వాళ్ళ కౌంటీ ఏదో కప్పు ఫైనల్‌కి వెళ్ళింది. ఆయన జీవితంలో అంత పెద్ద ఆట అదే. రెండు ఓవర్లు బాగానే వేశాడు. మూడో ఓవర్లో ఒకడు సిక్స్ కొట్టాడు. కెప్టెన్ వచ్చి చెయ్యి చాపాడు. ఆయన బంతి ఇచ్చి బౌండరీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. వాళ్ళ జట్టు గెలిచింది. గెలిచిన జట్టులో ఉన్నాడు, ఫొటోలో ఉన్నాడు. ఆ తర్వాత జట్టులో చోటు దొరకలేదు, సీజన్ చివర సెలవిచ్చారు.

"ఆ రోజు వెయ్యని ఓవర్లున్నాయే" అని జేబులో బంతి తిప్పుతూ అన్నాడు, "వాటిని ఇంకా వేస్తూనే ఉన్నాను."

ఆయన స్కూలు కాంట్రాక్టు ముగిసిన శీతాకాలంలోనే మేము మొదటిసారి శుక్రవారం లీగు ఫైనల్‌కి వెళ్ళాం. ఎదుటివాళ్ళు అబూ హమూర్ హోల్‌సేల్ మార్కెట్ జట్టు. ఆయనకి అది చివరి ఆట, ఆ వారంలోనే ఇంగ్లండుకి ప్రయాణం. టాస్‌కి ముందు నన్ను పక్కకి పిలిచాడు.

"స్కిప్పర్, ఒక్కటి అడుగుతాను. నాకు నాలుగు ఓవర్లు వస్తాయి. నన్ను ఎంత కొట్టినా నాలుగూ వెయ్యనియ్యి."

"వేస్తారు" అన్నాను.

"అంత తొందరగా మాట ఇవ్వకు. ఫైనల్ ఇది."

"ఇచ్చేశాను."

ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం మా ఇంట్లో లేదు. ఆ ఇల్లే ఇప్పుడు లేదు, అది వేరే సంగతి.

ముందు మేం ఆడాం, బాగానే కొట్టాం. ఆయన మొదటి రెండు ఓవర్లకి మార్కెట్‌వాళ్ళు ఊపిరి బిగబట్టారు. మూడోది ఆలస్యంగా ఇచ్చాను. అప్పటికి క్రీజులో ఉల్లిగడ్డల బస్తాలు ఎత్తే ఒక కండల మనిషి పాతుకుపోయి ఉన్నాడు. మొదటి బంతిని రోడ్డు అవతల పడేశాడు. ఆయన చప్పట్లు కొట్టి "గుడ్ షాట్" అన్నాడు.

"వాన్ని మెచ్చుకునుడేంది దొరా!" వెనక నుంచి గంగారాం నెత్తి కొట్టుకున్నాడు. "ఇంటికి తోలియ్!"

రెండో బంతి ఆగివున్న నీళ్ళ ట్యాంకర్‌కి తగిలి మోగింది. ఓవర్ ముగిసేసరికి మా చేతిలో ఉన్న ఆట వాళ్ళ చేతిలోకి పోయింది. మిగతా బౌలర్లు ఎలాగో లాక్కొచ్చి, చివరి ఓవర్‌కి అటో ఇటో అన్నట్టు నిలబెట్టారు. మా ఫాస్ట్ బౌలర్‌కి ఒక ఓవర్ మిగిలి ఉంది. ఆయనకీ ఒకటి మిగిలి ఉంది. ఆయన అప్పటికే బౌండరీ వైపు నడవడం మొదలుపెట్టాడు. నా వైపు చూడలేదు. ఎడమచెయ్యి జేబులోకి పోయింది.

గంగారాం గ్లవ్స్ చంకలో పెట్టుకుని పరుగున వచ్చాడు. ఆయనకి అర్థం కాకూడదని గొంతు తగ్గించాడు. అనవసరం, తెలుగే కదా.

"సార్, దొరను దింపుండ్రి. మ్యాచ్ పోతది."

"దొరలను దింపుడు మీకు అలవాటే గదా."

నోరు జారలేదు, కావాలనే అన్నాను. గంగారాం ఒక్క క్షణం నా కళ్ళలోకి చూసి పళ్ళికిలించాడు.

"గది మా తాతలు చేసిన్రు సార్. నేను కీపర్‌ను. నాకు కప్పు గావాలె."

"నాలుగు ఓవర్లు ఇస్తనని మాటిచ్చిన."

"ఎవలికి? దొరకా?" అటు చూశాడు. ఆయన బౌండరీ దగ్గర మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. గంగారాం కొంచెంసేపు గ్లవ్స్ వేలు కొరికాడు. "ఇయ్యుండ్రి గట్లైతే. నేను వట్టుకుంట."

చప్పట్లు కొట్టి పిలిచాను. ఆయన తిరిగి చూశాడు. బంతి చూపించాను. మా ఫాస్ట్ బౌలర్ అప్పటికే స్వెటర్ విప్పి సిద్ధంగా ఉన్నాడు, విసురుగా మళ్ళీ తొడుక్కున్నాడు. ఆయన నడిచి రావడానికి చాలాసేపు పట్టింది. బంతి అందుకుంటూ, "ఖాయమేనా?" అన్నాడు. నేను స్లిప్‌లోకి నడిచాను. మాట ఇచ్చినవాణ్ణి రెండోసారి అడిగితే మాకు కోపం వస్తుంది.

వంగి పిడికెడు ఇసుక తీసి వదిలాడు. షమాల్ దాన్ని లెగ్‌సైడ్ వైపు తీసుకుపోయింది.

ఒకటీ రెండూ పరుగులతో ఓవర్ ఐదో బంతి దాకా వచ్చింది. ఆ బంతిని నేను ఇప్పటికీ గాలిలో చూడగలను. కండల మనిషి కళ్ళ ఎత్తుని దాటి పైకి లేచి, అక్కడ ఒక్క లిప్త ఆగినట్టు అనిపించి, గాలికి లోపలికి ఒరిగి, చాప తగలగానే బయటికి తిరిగింది. వాడు క్రీజు వదిలి చాలా ముందుకు వచ్చేశాడు. బ్యాట్ గాలిని కొట్టింది. వికెట్లు వాడి వెనక దిక్కులేకుండా ఉన్నాయి. బంతి గంగారాం గ్లవ్స్‌లోకి వచ్చింది. వచ్చి, జారి, కాళ్ళ దగ్గర పడింది. వాడు వెనక్కి దూకి బ్యాట్ ఆనించేశాడు.

చివరి బంతి ఫోర్ పోయింది. మార్కెట్‌వాళ్ళు మైదానంలోకి పరుగెత్తారు.

గంగారాం వికెట్ల వెనక మోకాళ్ళ మీద కూలబడి, గ్లవ్స్‌తో మొహం కప్పుకున్నాడు. నోరు మూసుకున్న గంగారాంని నేను చూడటం అదే మొదలు. మావాళ్ళెవరూ దగ్గరికి పోలేదు. ఏదైనా అనాల్సి వస్తుందని దూరంగా నిలబడ్డారు. ఆయన పిచ్ పొడుగునా మెల్లగా నడిచి వచ్చాడు.

"దొరా" అన్నాడు.

గంగారాం తలెత్తలేదు. ఆయన చెయ్యి చాపాడు. ఎడమచెయ్యి. బకాలా మలయాళీ నూనె ఇచ్చి కాపాడిన చెయ్యి, ఇన్నేళ్ళలో ఎవరికీ ఇవ్వని చెయ్యి. గంగారాం దాన్ని చూసి, గ్లవ్ ఊడదీసి, పట్టుకున్నాడు. ఆయన వంగిన వేలు నొక్కుకుపోతున్నా లెక్కచెయ్యకుండా, బలమంతా పెట్టి లేపి నిలబెట్టాడు.

"సారీ దొరా" అన్నాడు గంగారాం.

"ఎందుకు దొరా? వాడు మోసపోయాడు. నువ్వు చూశావు కదా. నువ్వొక్కడివే దగ్గర్నుంచి చూశావు."

ఇంగ్లీషులోనే అన్నాడు. గంగారాంకి ఎంత అర్థమైందో తెలియదు, తల ఊపాడు.

తర్వాత నా దగ్గరికి వచ్చి ఆట బంతి నా చేతిలో పెట్టాడు. నేను చెయ్యి చాపలేదు, తనే ఇచ్చాడు. దారిలో ఎప్పటిలాగే చాయ్ కొనుక్కున్నాడు. ముఐథర్ మలుపు దగ్గర చూశాను. కారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు, ఎడమచెయ్యి బయటికి వేలాడుతోంది, వేళ్ళు విడిచి, గాలికి. జేబులోని పాత బంతి సీటు మీద పడి, కారు తిరిగినప్పుడల్లా అటూ ఇటూ దొర్లుతోంది.

"అయిపోయాయి స్కిప్పర్" అన్నాడు.

సీటు మీది బంతిని మళ్ళీ జేబులో పెట్టుకోలేదు.

గంగారాం మెసేజ్ వచ్చిన మర్నాడు శుక్రవారం యథాప్రకారం ఆట ఉంది. టాస్ అయ్యాక మావాళ్ళంతా పిచ్ దగ్గర వరసగా నిలబడ్డారు. ఒక నిమిషం మౌనం అనుకున్నాం. గంగారాం ఎడమచెయ్యి జేబులో పెట్టుకున్నాడు. అది చూసి పక్కవాడూ పెట్టుకున్నాడు. అలా వరస చివరిదాకా పోయింది. ఇద్దరు ముగ్గురి ట్రాక్ ప్యాంట్లకి జేబుల్లేవు, చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక నడుము దగ్గర దోపుకున్నారు. ఎవరూ నవ్వలేదు. నాది కుట్టించుకున్న తెల్లప్యాంటు, జేబుంది.

నిమిషం అయ్యాక గంగారాం మోకాలి మీద కూర్చుని చాప మీద అరచేత్తో ఒకసారి తట్టాడు. లేచి కొత్త బంతి తెచ్చి నా ముందు నిలబడ్డాడు.

"మొదలు ఎవలేస్తరు దొరా?"

అతని మొహంలో ఎగతాళి ఉందేమోనని వెతికాను. మా ఇంటి పిలుపు అతని నోటివెంట వస్తే ఎలా ఉంటుందో ఒకప్పుడు చాలాసార్లు ఊహించుకున్నాను. ఇది అది కాదు. ఇది ఆయన పిలుపు, గ్లవ్ ఊడదీసి పట్టుకున్న చెయ్యి ఉందే, ఆ పిలుపు. మావాళ్ళంతా వింటున్నారు, ఎవరూ మెడ తిప్పలేదు.

"స్పిన్‌తోని మొదలు పెడదాం" అన్నాను.

"కొత్త బంతితోనా?"

"కొత్త బంతితోనే, దొరా."